నక్షత్రం లేని కర్ర

పోయిన నెల బాబాయిని మట్టిలో పెట్టేటప్పుడు, మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు గుంట పక్కన నిలబడి నాలుగు మాటలు చెప్పారు. పాస్టరు గారిది చిన్న వయసు. బాబాయిని ఎరగరు. ఊళ్లో విన్నదే చెప్పారు.

"ఈ పెద్దాయన కష్టజీవి. కాని పంతం మనిషి. సొంత భార్య క్రిస్మస్ ముందు రోజు చనిపోతే, పండగ నాడు మందిరం గడప తొక్కనని ఆమెను కూడా లోపలికి తీసుకురాలేదట. ఇలాంటి పంతాలు మనకొద్దు."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేనూ ఊపాను.

ఆ మాట అబద్ధం. దాన్ని మొదట ఆడింది నేను.

బాబాయి నాకు చుట్టం కాదు, వరసకి బాబాయి. ఇళ్లకు సున్నం వేసేవాడు. పిడుగురాళ్ల బట్టీల నుంచి గోతాల్లో సున్నం తెప్పించుకుని, ఇనప డ్రమ్ములో నీళ్లు పోసి గడ్డలు వేసేవాడు. అది కుతకుతా ఉడుకుతుంటే పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. "దూరం జరగండ్రా, కళ్లు పోతయ్!" అని కుంచె ఎత్తేవాడు. ఆ కుంచె కూడా ఈతమట్ట చితక్కొట్టి తనే చేసుకునేవాడు. గోడెక్కే ముందు కళ్ల చుట్టూ ఆముదం రాసుకోవడం అలవాటు. అందుకని ఆయన కళ్లు ఎప్పుడూ ఇప్పుడే ఏడ్చి వచ్చినట్టుండేవి. ఆయన నిజంగా ఏడవగా నేను చూసింది ఒక్కసారే. ఆ రోజు ఆముదం లేదు.

మా ఊళ్లో అన్ని పండగలకూ ఆయన చెయ్యి కావాలి. ఉగాదికి రైతుల ఇళ్లు, రంజానుకు మస్తాన్ వాళ్ల బజారు, డిసెంబరులో మా పల్లె. మస్తాన్ ఆయనకు జతగాడు. ఒకరు నిచ్చెన పట్టుకుంటే ఒకరు ఎక్కేవాళ్లు. ఇన్ని పండగలకు గోడలు తెల్లగా చేసిన మనిషి తను మాత్రం ఏ పండగా చేసేవాడు కాదు. క్రిస్మస్ చెయ్యడు. గుడ్ ఫ్రైడే చెయ్యడు. ఈస్టరు తెల్లవారుజామున అందరూ పాటలు పాడుకుంటూ సమాధుల దొడ్డికి పోతుంటే, ఆయన డ్రమ్ము కడుక్కుంటూ ఉండేవాడు.

"పండగలు నీకు కూడు పెడతన్నయ్. నువ్వేమో చెయ్యనంటావు. ఇదేం న్యాయం బాబాయ్?" అని టీ కొట్టు దగ్గర ఒకసారి గిల్లాను.

"గోడ తెల్లగుండాలని ఆళ్లకుంది. చేసిపెడతన్నా. ఆళ్ల పండగ ఆళ్లది, నా కుంచె నాది."

చర్చికి మాత్రం డబ్బు పుచ్చుకోకుండా వేసేవాడు. అదీ డిసెంబరులో కాదు, ఆగస్టులో. పనుల్లేని రోజుల్లో ఒక్కడే వచ్చి, ముసురు తెరిపి చూసుకుని రెండు పూతలు వేసి పోయేవాడు. డిసెంబరు వచ్చేసరికి వాన చారలు పడి గోడలు మళ్లీ మాసేవి. "ఇంకో నాలుగు నెలలు ఆగరాదా" అని పెద్దలు విసుక్కుంటే, "పండక్కైతే నేను రాను. చర్చికైతే ఎప్పుడైనా వస్తా" అనేవాడు.

ఆయనకు చదువు ముప్పై దాటాక వచ్చింది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. బైబిలు చదివితే ప్రతి మాట కిందా వేలు నడవాల్సిందే. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో సున్నం ఉండేది. అందుకని ఆయన బైబిలులో ఏ పేజీ తెరిచినా అంచున తెల్లటి మరకలు. ఎక్కడ ఎక్కువసేపు ఆగాడో అక్కడ మరక మందం. మనం వినికిడి మీద నమ్మేవన్నీ ఆయన వేలు పెట్టి వెతికేవాడు. దొరక్కపోతే తలెత్తి ఒకటే ప్రశ్న వేసేవాడు.

"యాడ రాసుంది?"

ఈ ప్రశ్నకు నేను చాలా భయపడేవాణ్ణి. అప్పుడు నాకు ముప్పై, సంఘానికి సెక్రటరీని. పదిమందిలో ఓడిపోకూడదు. అందుకని ఒకనాడు ఆయన్ని ఇరికించానని అనుకున్నాను.

"క్రిస్మస్ రాసిలేదంటావు. మరి మైకు యాడ రాసుంది? బెంచీలు యాడ రాసున్నయ్? నీ కళ్లజోడు యాడ రాసుంది?"

టీ కొట్టంతా నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మైకు లేకపోతే పాపమని నువ్వెప్పుడన్నా అన్నావా? అనలా. పండగ చెయ్యకపోతే పాపమంటన్నావు. అదీ తేడా. ప్రభువు తన చావుని గుర్తుపెట్టుకోమన్నాడు, రొట్టె ఇరిచిచ్చాడు. ఆ రొట్టె కాడికి నేను రాకుండా ఉన్నానా? పుట్టినరోజు గురించి మటుకు ఒక్క మాట అన్లా. నువ్వు చేసుకో అబ్బాయ్, సంతోషంగా చేసుకో. నన్ను చెయ్యమనబాక."

నిజమే, నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, అంటే రొట్టె, ద్రాక్షరసం. ఆ ఆదివారం ఆయన ఎంత దూరం పనిలో ఉన్నా వచ్చేవాడు. తిరునాళ్లకు వచ్చిన పిల్లాడిలా ముందు వరసలో కూర్చునేవాడు. రొట్టె ముక్క తీసుకునేటప్పుడు, వేళ్లకు సున్నం ఉందని రెండు అరచేతులూ దోసిలి పట్టేవాడు.

ఇంట్లో పిన్ని దీనికి పూర్తిగా ఎదురు. ఆమెకు క్రిస్మస్ అంటే ప్రాణం. నవంబరు నుంచే కొత్త చీర గురించి మాట్లాడేది. అరిసెలు వండి మా ఇంటికి స్టీలు డబ్బాలో పంపేది. డిసెంబరు ఒకటో తారీకున ఆమె వాకిట్లో సరుగుడు కర్ర లేచేది. దాని చివర వెదురుబద్దలకు రంగు కాగితం అంటించిన నక్షత్రం. ఆ కర్ర పాతేది బాబాయే. ఒకసారి దారిన పోతూ ఆగాను.

"ఏంది బాబాయ్, స్టార్ కడతన్నావే!"

"నేను కర్ర కడతన్నా. స్టార్ అది కడుద్ది."

"ఆ కర్ర లేకపోతే నా స్టార్ నేల మీద కూర్చుంటదిగా" అంది పిన్ని, పళ్ల మధ్య పురికొస పట్టుకుని. "మాట్లాడకుండా పాతవయ్యా. వంకరపోయింది."

పండగ పొద్దున ఆమెకు నీళ్లు కాచిపెట్టి, చర్చి మలుపు దాకా తోడు వచ్చి, అక్కణ్ణుంచి పనికి మళ్లేవాడు. ఒకరి పండగను ఒకరు అడ్డుకోకుండా వాళ్లిద్దరూ అన్నేళ్లు కాపురం చేశారు. మా సంఘానికి అది చేతకాలేదు. నిజానికి సంఘానిది కాదు తప్పు, నాది.

అవి రెండువేల సంవత్సరం రాబోతున్న రోజులు. లోకం అంతమైపోతుందని ఒకరు, కంప్యూటర్లు ఆగి కరెంటు పోతుందని ఒకరు. మాకు అంతకన్నా దగ్గర్లోనే అంతం కనిపిస్తూ ఉంది. రెండేళ్లు వరసగా పత్తికి పచ్చపురుగు తగిలింది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు. కొట్టాల్సిన మందు తాగిన రైతుల కబుర్లు పక్క ఊళ్ల నుంచి వచ్చేవి. నా కౌలు పత్తి రెండెకరాలూ కాయ పట్టకుండానే పోయింది. సాయంత్రం డబ్బాలో మిగిలిన మందు వంక చూడాలంటే భయం వేసి, దాన్ని గొడ్ల చావిట్లో చూరు కింద దాచాను. దేవుడికి మా మీద ఎక్కడో కోపం వచ్చిందనుకున్నాను. ఎక్కడో తెలిస్తే సరిచేసుకోవచ్చు. తెలియనప్పుడు మనిషి పక్కవాడి వైపు చూస్తాడు. నేను బాబాయి వైపు చూశాను.

తీర్మానం నేనే రాశాను. క్రీస్తు జన్మదినాన్ని కుటుంబ సమేతంగా ఆచరిస్తామని ప్రతి ఇంటి పెద్దా సంతకం పెట్టాలి. పెట్టనివారి పేరు రిజిస్టరు నుంచి తొలగించాలి. సంఘమంతా సంతకాలు, వేలిముద్రలు వేసింది. బాబాయి కాగితం తీసుకుని, ప్రతి మాట కిందా వేలు నడిపి, చివరి దాకా చదివాడు. నాకు తిరిగిచ్చాడు.

"ఇది పెడితే అబద్ధమయిద్ది అబ్బాయ్."

"ఒక్క సంతకం బాబాయ్. పెట్టేసి నీ పని నువ్వు చూసుకో. ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడకపోతే నేను చూస్తా గదరా."

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందరి నల్లటి వేలిముద్రల పక్కన, అంచున ఒక తెల్లటి మరక. అది సంతకం కాదు. చదివి ఇచ్చిన గుర్తు.

పేరు కొట్టేశాను. మా రిజిస్టరులో ఇంటికొక వరస. ముందు మగవాడి పేరు, తర్వాత 'భార్య' అని. ఆడవాళ్ల పేర్లు రాసే అలవాటు లేదు. స్కేలు పెట్టి ఎర్ర సిరాతో ఒక గీత గీశాను. గీత 'భార్య' మీదుగా కూడా పోయింది. ఆ సంగతి ఆ రోజు నా బుర్రకు తట్టనే లేదు.

పేరు పోయాక బల్ల కూడా పోయింది. మొదటి ఆదివారాలు ఆయన చర్చి బయట, కిటికీ పక్కనున్న అరుగు మీద కూర్చునేవాడు. లోపల రొట్టె పళ్లెం తిరుగుతున్నప్పుడు దోసిలి పట్టి తల వంచుకునేవాడు. దోసిట్లో ఏమీ ఉండేది కాదు. దేవుడు చెయ్యమన్న ఒక్కదాన్నీ, దేవుడు చెయ్యమని చెప్పని దాని కోసం ఆయనకు లేకుండా చేశాం. కిటికీలోంచి ఆ దోసిలి నాకు కనిపించేది. రెండు నెలల తర్వాత నేను కూర్చునే చోటు మార్చుకున్నాను.

పిన్ని మాత్రం ఎప్పట్లా చర్చికి వచ్చి వెనక చాప మీద కూర్చునేది. ఎవరూ ఏమీ అనలేదు. పేరు లేకపోవడం అంటే ఏమిటో అప్పటికింకా అనుభవంలోకి రాలేదు.

రెండేళ్లకు ఆమెకు జబ్బు చేసింది. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరుకు చూపించుకుని ఎక్సరే కవరు చేత్తో పట్టుకుని ఇద్దరూ బస్సు దిగడం చూశాను. ఆ డిసెంబరులో నక్షత్రం ఆమె మంచం మీద కూర్చునే అంటించింది. కర్ర ఆయన పాతాడు.

ఇరవైనాలుగో తారీకు మధ్యాహ్నం. చర్చి ముందు షామియానా వేశాం. మర్నాటికి గుంటూరు నుంచి పెద్ద ప్రసంగీకుడు వస్తున్నాడు. చుట్టుపక్కల నాలుగూళ్ల జనం వస్తారు. నేను నిచ్చెన మీద సీరియల్ లైట్లు కడుతున్నాను.

"అబ్బాయ్, దిగు."

కిందికి చూస్తే బాబాయి. ముఖాన ఆముదం లేదు. కళ్లు తడిగా ఉన్నాయి.

"మీ పిన్ని పోయింది."

దిగాను. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలనుకున్నాను. చేతిలో వైరు ఉంది.

"రేపు ఆరాధనలో దాన్ని లోపల పెట్టండి. మీరు పాడే పాటలే పాడండి, చావు పాటలొద్దు. ఏడాదంతా ఈ ఒక్క రోజు కోసం చూసేది. నేను లోపలికి రాను, అరుగు మీద ఉంటా. అయినాక సమాధుల దొడ్లో పెట్టుకుంటా."

జీవితమంతా క్రిస్మస్ వద్దన్న మనిషి, తన భార్యకు క్రిస్మస్ పెట్టమని అడుగుతున్నాడు. అది ఎంత పెద్ద మాటో నాకు అప్పుడు తోచలేదు. నాకు తోచింది షామియానా, ప్రసంగీకుడు, ఆ ఏడాది ఎట్లాగో నిలబడిన నా పత్తి. పండగనాడు చర్చిలో శవముంటే ఆ నిలబడింది కూడా పోతుందనిపించింది.

"పండగ పూట శవాన్ని లోపల ఎట్టా పెడతాం బాబాయ్? అశుభం గదా."

"యాడ రాసుంది?"

ఆ ప్రశ్న ఆయన నోట వందసార్లు విన్నాను. అప్పుడెప్పుడూ ఆయన గొంతులో జవాబు ముందే ఉండేది. ఈసారి లేదు. నిజంగానే అడుగుతున్నాడు. రాసి ఉన్న చోటు చూపిస్తే మారు మాట్లాడకుండా వెళ్లిపోయేట్టున్నాడు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని రిజిస్టరు మాట ఎత్తాను.

"పేరు లేదు గదా బాబాయ్."

"కొట్టింది నాది. దానిదెందుకు కొట్టారు? అది పండగ చేసేదే గదా!"

"ఇంటికి ఒకటే వరస."

బాబాయి చొక్కా జేబులోంచి పెన్సిలు ముక్క తీశాడు.

"ఆ కాగితం పట్టుకురా. సంతకం పెడతా. పండగ చేస్తానని రాసిస్తా. ఇంకేం రాయమంటే అది రాస్తా."

ఎవరూ చూడకపోయినా తను చూస్తానన్న మనిషి, నా ముందు అబద్ధం రాయడానికి నిలబడి ఉన్నాడు. కాగితం చర్చిలో బీరువాలోనే ఉంది. పది అడుగులు. సమాధుల దొడ్డి తాళంచెవి నా జేబులోనే ఉంది.

"పండగ అయ్యాక చూద్దాం బాబాయ్" అన్నాను.

"అప్పటిదాకా ఆగుద్దా రా అది?" అన్నాడు. పెన్సిలు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన చేత ఇంటికి సున్నం వేయించుకునే ఒక రైతు తన మిరప చేను గట్టు పక్కన చోటిచ్చాడు. మర్నాడు పొద్దున మస్తానూ, ఆయనా కలిసి గుంట తీశారు. మా మైకులో పాటలు ఆ గట్టు దాకా వినిపించాయట. మొదటి పాట మొదలవగానే బాబాయి పార కింద పెట్టి, పాట అయిపోయేదాకా నిలబడ్డాడట. ఇది మస్తాన్ చాలా కాలం తర్వాత చెప్పాడు.

ఆ పొద్దున ఆరాధన అయ్యాక ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. "అదేంటి సెక్రటరీ, ఆమెను చర్చికి తేలేదే?" అన్నారు. నా నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది. "ఆయన పంతం తెలుసుగా. పండగనాడు చర్చి గడప తొక్కనన్నాడు." సాయంత్రానికి అది ఊరి మాటయింది. ఏడాదికి చరిత్ర అయింది.

ఆ మాట ఆయన చెవిన పడకుండా ఉంటుందా? ఏ రోజు టీ కొట్టు దగ్గర నిలదీస్తాడోనని ఒళ్లంతా చెవులు చేసుకుని తిరిగాను. ఆయన సైకిలు కనిపిస్తే సందు మారేవాణ్ణి. ఆయన ఏమీ అనలేదు. ఆ ఆగస్టులో మాత్రం, ఎప్పటిలాగే, డ్రమ్ము వేసుకుని చర్చికి సున్నం కొట్టడానికి వచ్చాడు.

నమ్మలేకపోయాను. మస్తాన్‌కు జ్వరమని ఆ రోజు ఒక్కడే వచ్చాడు. నిచ్చెన ఊగుతూ ఉంది. వెళ్లి పట్టుకున్నాను. నా వంక చూసి కిందికి దిగాడు. ఈరోజు అడుగుతాడనుకున్నాను. ఆముదం సీసా తీశాడు.

"కళ్లు మూసుకో."

మూసుకున్నాను. ఆ గరుకు వేళ్లతో నా కళ్ల చుట్టూ ఆముదం రాశాడు. రెప్పల మీద, కనుకొలకుల్లో, నెమ్మదిగా.

"ఇప్పుడు పట్టుకో. పైకి చూడబాక, కళ్లలో పడుద్ది."

రెండు గంటలు ఆ నిచ్చెన పట్టుకున్నాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేను చెప్పలేదు. నా చెంపల మీద కారింది ఆముదమేనని ఆయన అనుకుని ఉంటాడు. అనుకోకపోయినా ఉండొచ్చు.

ఆ డిసెంబరు ఒకటిన ఆయన వాకిట్లో సరుగుడు కర్ర లేచింది. చివర నక్షత్రం లేదు. ఒట్టి కర్ర. అది మొదలు ఏటా అంతే. నిట్టనిలువుగా పాతిన కర్ర, ఇరవై అయిదు దాటాక పీకేసేవాడు. పిల్లలు 'మొండికర్ర తాత' అని పిలిచారు. పెద్దలు "చూశావా, సగం దారికొచ్చాడు" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కర్ర కట్టేవాడనీ, నక్షత్రం ఆమె కట్టేదనీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పోయిన నెల ఆ గట్టు పక్కనే బాబాయి గుంట పూడ్చాక అందరూ వెళ్లిపోతుంటే మస్తాన్ నా పక్కకు వచ్చాడు. పారకు అంటిన మట్టి గీకుతూ నెమ్మదిగా అన్నాడు.

"ఇన్నేళ్లలో నేను పది సార్లన్నా చెప్పా సెక్రటరీ గారూ. పోయి నలుగుర్లో అసలు మాట చెప్పరాదా అని. ఏమన్నాడో తెలుసా?"

నేను తెలుసుకోవాలనుకోలేదు.

"'వాడు చెప్పాల్సిన మాట నేను చెబితే ఎట్టా మస్తానూ? వాణ్ణే చెప్పనియ్యి' అన్నాడు. ఎదురు చూస్తన్నాడండీ మీ కోసం."

ఆ రాత్రి నుంచి సరిగా నిద్ర లేదు. పండగ చెయ్యాలా వద్దా అన్న వాదంలో ఆయనది ఒప్పో నాది ఒప్పో నాకు ఈనాటికీ తెలియదు. నేను ఇప్పటికీ క్రిస్మస్ చేస్తాను. చేసినప్పుడల్లా భయపడుతూ చేస్తాను. పండగ చెయ్యమని రాసి ఉందో లేదో పెద్దలు తేల్చుకోవచ్చు. ఒక మనిషి భార్యను గట్టు మీద పెట్టుకునేట్టు చేసి, ఆ తప్పు ఆయన నెత్తినే రుద్దమని మాత్రం ఎక్కడా రాసి లేదు. నేను వేలు పెట్టి వెతికాను.

మొన్న పాత రిజిస్టరు తీశాను. ఎర్ర గీత కింద కొత్త వరస మొదలుపెట్టి పిన్ని పేరు రాద్దామనుకున్నాను. ఆమె పేరేమిటో నాకు తెలియదు. ఆమె చేతి అరిసెలు తిని పెరిగినవాణ్ణి. మస్తాన్‌ను అడిగి రాశాను. ముందు ఆమె పేరు, తర్వాత 'భర్త' అని.

తర్వాత ఇదంతా కాగితాల మీద రాసి, పాస్టరు గారి దగ్గరకు వెళ్లి చూపించాను. వచ్చే ఆదివారం ఆరాధనలో చదువుతానన్నాను. ఓపిగ్గా చివరి దాకా చదివారు. కిటికీలోంచి బయట కడుతున్న షామియానా కనిపిస్తూ ఉంది.

"మీ బాధ అర్థమవుతుంది అంకుల్. కాని అందరూ సంతోషంగా ఉండే టైము గదా" అన్నారు. "పండగ అయ్యాక చూద్దాం."

పాస్టరు గారు మంచివారే. ఆ మాట అంతకుముందు ఎవరన్నారో ఇప్పుడే చదివారు, అయినా గమనించలేదు. నేనూ ఒకప్పుడు గమనించలేదు.

"యాడ రాసుంది అయ్యగారూ?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన నవ్వి కాగితాలు నా చేతికిచ్చారు.

ఆదివారం ఇంకా రెండు రోజులుంది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఒకప్పుడు తాళంచెవి ఉన్న జేబు. చదవగలనో లేదో, మళ్లీ తల ఊపి వచ్చేస్తానో తెలియదు. మైకు ఇస్తే లోపల చదువుతాను. ఇవ్వకపోతే కిటికీ పక్కన ఆ అరుగు ఉంది.